బుక్క పెట్టి నేర్పాల్సిన పాఠం

వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో అంగన్‌వాడీకి పోతే గోడ మీద రంగుల బొమ్మలు కనిపిస్తాయి. ఆపిల్, ద్రాక్ష, క్యారెట్, పాలగ్లాసు, చేప. టీచర్ కర్రతో ఒక్కో బొమ్మను తాకుతూ అడుగుతుంటే నాలుగేళ్ల పిల్లలు గొంతెత్తి పేర్లు చెప్తారు. మంచి తిండి ఏదంటే "పాలు, పండ్లు, గుడ్డు" అని రాగం తీస్తారు. మధ్యాహ్నం అదే పిల్లలు పళ్లెం ముందు కూర్చుని, పప్పులోని తోటకూర ఆకుల్ని వేలితో ఏరి అంచుకు నెట్టేస్తారు. గుడ్డులో తెల్లసొన తిని పచ్చసొన వదిలేస్తారు. సాయంత్రం తాత వేలు పట్టుకొని కిరాణం దుకాణానికి పోయినప్పుడు, తోరణంలా వేలాడే ప్యాకెట్లలో తమకు కావాల్సింది ఏదో టక్కున చూపిస్తారు. అప్పటికి వాళ్లకు అక్షరం ముక్క రాదు. రంగును బట్టి గుర్తుపడతారు.

గోడ మీది పాఠం పళ్లెం దాకా రాలేదు. దుకాణం పాఠం మాత్రం ఏ టీచరూ చెప్పకుండానే వచ్చేసింది. దాన్ని పిల్లలు ఎట్లా నేర్చుకున్నారో చూస్తే చిన్నపిల్లలకు తిండి గురించి ఎట్లా చెప్పాలో చాలావరకు తెలిసిపోతుంది. ఆ ప్యాకెట్‌ను వాళ్లు పదులసార్లు రుచి చూశారు. ప్రతిసారీ ఇష్టమైన మనిషే కొనిపెట్టాడు. తినమని ఎవరూ బలవంతం చేయలేదు, దానివల్ల ఎముకలు గట్టిపడతాయని చెప్పలేదు. ఇవే పద్ధతులు పుంటికూరకూ (గోంగూర), బొబ్బెర్లకూ (అలసందలు), మజ్జిగకూ పనిచేస్తాయి. పిల్లల ఆహారపు అలవాట్ల మీద నలభై ఏళ్లుగా జరుగుతున్న పరిశోధన చెప్తున్నది కూడా చాలావరకు ఇదే.

ఇది ఎంత అవసరమో ఒకటి రెండు అంకెలు చాలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లల్లో 33 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఇంచుమించు 32 శాతం మంది వయసుకు తగ్గ బరువు లేరు. ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు వాళ్లలో రక్తహీనత 70 శాతం. అంతకు ముందు 2015-16 సర్వేలో అది 61 శాతం దగ్గర ఉండేది. దీనికి తిండి అలవాట్లే కారణమనడం అన్యాయం. తల్లికే రక్తం తక్కువగా ఉండటం, తక్కువ బరువుతో పుట్టడం, కడుపులో నులిపురుగులు, మాటిమాటికీ వచ్చే విరేచనాలు, ఇంట్లో కూరగాయలకు డబ్బు చాలకపోవడం, అన్నీ ఇందులో ఉన్నాయి. పాఠాలు చెప్పి వీటిని తీర్చలేం. కానీ పళ్లెంలోకి వచ్చి కూడా నోట్లోకి పోని తిండి ఒకటుంది. పోషకం లేకుండానే పిల్లల కడుపు నింపేసే తిండి ఇంకొకటుంది. పాఠం పనికొచ్చేది ఈ రెండు చోట్లా.

రెండేళ్లు దాటిన పిల్లలు కొత్త తిండిని నోట్లో పెట్టనివ్వకపోవడం పెద్దలకు తిక్కలాగా కనిపిస్తుంది. ఏడాది వయసులో ఏది పెట్టినా తిన్న బిడ్డ రెండున్నరేళ్లకు పచ్చగా ఏం కనిపించినా మొహం తిప్పేసుకుంటే "అదివరకు మంచిగనే తింటుండె, ఎవరి దిష్టి తగిలిందో" అని నానమ్మ ఉప్పు, మిరపకాయలు దిగదుడుస్తుంది. నిజానికి ఇది ఎదుగుదలలో ఒక దశ. నడక వచ్చి, పెద్దల చేయి వదిలి తిరగడం మొదలైన వయసులో కనిపించిన ఆకల్లా నోట్లో వేసుకుంటే ప్రమాదం. తెలియనిదాన్ని అనుమానించడం పసిపిల్లలకు ఒక రక్షణ. రెండు నుంచి ఆరేళ్ల మధ్య ఈ భయం ఎక్కువగా ఉండి తర్వాత చాలామందిలో తగ్గుతుంది.

అమెరికాలో లియాన్ బర్చ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1982లో తన సహచరితో కలిసి రెండేళ్ల పిల్లల మీద చేసిన అధ్యయనం ఈ భయం ఎట్లా పోతుందో చూపించింది. పిల్లలకు కొన్ని కొత్త తిండ్లను రెండు మూడుసార్లు, కొన్నింటిని పదిసార్లు, కొన్నింటిని ఇరవైసార్ల దాకా రుచి చూపించారు. ఎక్కువసార్లు రుచి చూసినవాటినే పిల్లలు ఎక్కువగా ఇష్టపడ్డారు. 1987లో ఇంకో ప్రశ్న వేశారు: ఊరికే చూపిస్తే సరిపోతుందా, నాలుకకు తగలాలా? చూసినందువల్ల చూడటం అలవాటైంది, తినడం కాలేదు. రుచి మీద ఇష్టం పెరగాలంటే రుచి చూడాల్సిందేనని తేలింది. గోడ మీది బొమ్మల సంగతి అక్కడే తేలిపోయింది. బొమ్మ చూసి పిల్లలు బొమ్మ పేరే నేర్చుకుంటారు.

ఇంకో అధ్యయనం మన ఇళ్లకు సూటిగా తగులుతుంది. 2014లో మిఖాల్ మైమరన్, అయెలెట్ ఫిష్‌బాక్ అనే ఇద్దరు పరిశోధకులు మూడు నుంచి అయిదున్నరేళ్ల పిల్లలకు బిస్కెట్లు, క్యారెట్లు ఇచ్చి కథ చెప్పారు. కథలో కొందరికి ఇది తింటే బలం వస్తుందని, కొందరికి ఇది తింటే చదువుకు సాయపడుతుందని చెప్పారు. లాభం గురించి విన్న పిల్లలు తక్కువ తిన్నారు. మందులా పనిచేసేది రుచిగా ఉండదని వాళ్లు తమకు తామే లెక్క వేసుకున్నారు. "ఆకుకూర తింటే కండ్లు మంచిగుంటయి బిడ్డా" అని మనం ప్రేమతో చెప్పే మాట, నాలుగేళ్ల చెవికి "ఇది చేదుగా ఉంటుంది" అని వినపడుతున్నదన్నమాట. విటమిన్, ఐరన్, కాల్షియం అనే మాటలు ఆ వయసుకు ఇంకా గాలిమాటలే. వాటిని తల్లిదండ్రులకు చెప్పాలి. పిల్లలకు చెప్పాల్సిన మాటలు వేరు: కరకరలాడుతది, పుల్లగ ఉంటది, వేడివేడిగ ఉన్నది, నువ్వు తెంపిన ఆకే ఇది.

"రెండు బుక్కలు కూర తింటే చాక్లెట్ కొనిస్తా" అనే బేరం కూడా ఇట్లాంటిదే. లంచం ఇచ్చి తినిపించిన తిండి మీద ఇష్టం తగ్గుతుందని, లంచంగా ఇచ్చినదాని మీద ఇష్టం పెరుగుతుందని బర్చ్ బృందం 1980లలోనే చూపించింది. పిల్లల వైపు నుంచి ఆలోచిస్తే ఇది సహజం. కూరకు విలువ ఉంటే దానికి ఎదురు డబ్బులు ఎందుకిస్తారు?

మరి ఎట్లా నేర్పాలంటే ఉత్తర తెలంగాణ ఇళ్లలో పనికొచ్చే పాఠాలు ఇప్పటికే ఉన్నాయి. సర్వపిండి చేసేటప్పుడు చూడండి. బియ్యప్పిండిలో నానబెట్టిన శెనగపప్పు, నువ్వులు, దంచిన పల్లీలు, ఉల్లిగడ్డ, కరివేపాకు, కారం కలిపి ముద్ద చేస్తారు. దాన్ని లోతు గిన్నెకు లోపలి వైపు పలుచగా ఒత్తి, వేలితో అక్కడక్కడా బొక్కలు పెడతారు. ఆ బొక్కల్లో నూనె చుక్కలు వేస్తారు. గిన్నె పొయ్యి ఎక్కకముందు ఆ బొక్కలు పెట్టే పని మూడేళ్ల బిడ్డకు ఇవ్వొచ్చు. పిండి వేలికి అంటుకుంటుంది, నువ్వుగింజ గోటిలో ఇరుక్కుంటుంది, పచ్చిపిండి కొంచెం నాకి చూస్తది. కాలి వచ్చాక "నా బొక్క ఏది?" అని వెతుక్కుంటది. అప్పుడు కరివేపాకును ఏరి పారేయడం గుర్తుండదు. తన చేయి పడ్డ తిండిని పిల్లలు పరాయిదిగా చూడరు. పుంటికూర ఆకులు తెంపడం, బొబ్బెరకాయలు ఒలవడం, పెసర్లు నానబోసి మొలక తోక ఎంత పెరిగిందో పొద్దున్నే చూడటం, ఇవన్నీ ఇట్లాంటివే. వీటికి అయ్యే ఖర్చు కొంచెం ఓపిక, వంటగదిలో కొంచెం చెత్త.

బతుకమ్మ తొమ్మిది రోజులను ఈ కోణంలో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. అటుకుల బతుకమ్మ నాడు అటుకులూ బెల్లమూ. ముద్దపప్పు బతుకమ్మ నాడు పప్పూ పాలూ. తర్వాత నానబియ్యం, అట్లు. ఆరో రోజు అలిగిన బతుకమ్మకు నైవేద్యమే లేదు. వేపకాయల బతుకమ్మకు బియ్యప్పిండిని వేపకాయల ఆకారంలో చేసి వేయించడం, వెన్నముద్దల నాడు నువ్వులు, వెన్న, బెల్లం. సద్దుల బతుకమ్మ నాడు పెరుగు సద్ది, చింతపండు పులిహోర, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, చివరకు మలీద ముద్దలు. రోజుకో తిండి, దానికో పేరు, దానికో పాట, చుట్టూ తనలాంటి పిల్లలు, పంచిపెట్టే పని కూడా పిల్లల చేతికే. ఏడాదికి ఒకసారి వస్తుంది, మళ్లీ మరుసటి ఏడాది అదే వరుసలో వస్తుంది. చిన్నపిల్లలకు ఆహారం గురించి బోధించడానికి ఇంతకంటే మంచి పాఠ్యప్రణాళిక ఏ శాఖా తయారు చేయలేదు. దీన్ని అంగన్‌వాడీ తరగతిలోకి తేవడానికి కొత్త నిధులు అక్కర్లేదు. అంగన్‌వాడీల్లో ఏటా జరిపే పోషణ మాసం ఎట్లాగూ సెప్టెంబర్‌లోనే వస్తుంది, బతుకమ్మ కూడా ఆ ముందూ వెనకే.

ఇక్కడ ఒక నష్టాన్ని కూడా చెప్పుకోవాలి. జొన్న గటక, మక్క గటక (గింజల రవ్వతో ముద్దగా వండేవి), అంబలి తిన్న తాతల ఇండ్లలో ఇప్పుడు పిల్లలకు వాటి పేర్లు కూడా తెలియడం లేదు. 1983లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం పేదల కడుపు నింపింది. ఆ మేలు చిన్నది కాదు. తర్వాత చెరువులూ కాల్వలూ బోర్లూ వరిని పెంచాయి. 2025 ఉగాది నుంచి రేషన్‌లో సన్నబియ్యం వస్తున్నాయి. ఇంటినిండా అన్నం ఉండటం మంచిదే. అయితే పళ్లెంలో అన్నం కుప్ప పెరిగి, పక్కన పప్పు, కూర, గుడాలు (ఉడికించిన గింజలు) చిన్నవై పోయాయి. పాలిష్ పట్టిన బియ్యంలో ఐరన్, పీచు తక్కువ. అట్లని పిల్లలకు అన్నం మానిపించాల్సిన పని లేదు, పక్కన ఉండేదాన్ని పెంచాలి. శెనగ గుడాలు, బొబ్బెర గుడాలు సాయంత్రం ఆకలికి ప్యాకెట్ కంటే ఎంతో మేలు. వాటిమీద నిమ్మకాయ పిండినా, పక్కన ఓ జామపండు ముక్క ఇచ్చినా అందులోని విటమిన్ సి వల్ల గింజల్లోని ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. అయితే నాలుగైదేళ్ల లోపు పిల్లలకు పల్లీలు, గట్టి శెనగలు గింజలుగా ఇవ్వొద్దు. గొంతుకు అడ్డం పడతాయి. మెత్తగా ఉడికించి నలిపి, లేదా పొడి చేసి పెట్టాలి.

తాగేవాటి దగ్గరకు వస్తే సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. తిండి విషయంలో పిల్లలు ఎంత మొండికేసినా, తీపి పానీయం విషయంలో ఒక్క గుటకకే ఒప్పుకుంటారు. తీపి మీద ఇష్టం పుట్టుకతోనే వస్తుంది. దాన్ని ఎవరూ నేర్పాల్సిన పని లేదు. నేర్పాల్సింది దాహానికి నీళ్లు తాగడం.

మొదట చాయ్. ఇది ఎవరూ చెడ్డదనుకోరు. పొద్దున్నే తల్లి చాయ్ తాగుతుంటే ఒళ్లో కూర్చున్న బిడ్డకు సాసర్‌లో కొంచెం పోస్తారు, బిస్కెట్ ముంచి పెడతారు. రెండు నెలలు తిరిగేసరికి అదే ఆ బిడ్డ పొద్దుటి తిండి అవుతుంది. చాయ్‌లోని టానిన్లు అనే వగరు పదార్థాలు గింజలు, ఆకుకూరల్లోని ఐరన్‌ను పట్టి ఒంటికి చేరనివ్వవు. అన్నానికి గంట ముందూ గంట తర్వాతా టీ, కాఫీ తాగొద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవాళ్లకే చెప్తున్నది. నూటికి 70 మంది పిల్లలకు రక్తం తక్కువగా ఉన్న రాష్ట్రంలో పసిపిల్లల నోటికి చాయ్ అందించడం, అది సాసరంత అయినా సరే, మానుకోవాల్సిన అలవాటు. బిడ్డ గిన్నెలో పాలు పోసి పక్కన కూర్చోబెట్టుకుంటే సరిపోతుంది. పాలు కూడా హద్దులోనే. మూడేళ్లు దాటినా రోజంతా పాలసీసా నోట్లో ఉండే పిల్లలకు అన్నం ఆకలి వేయదు, పాలల్లో ఐరన్ దాదాపు లేదు, అట్లా కూడా రక్తహీనత వస్తుంది.

తర్వాత కూల్‌డ్రింక్. సాధారణంగా 100 మిల్లీలీటర్లకు 10 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. 200 మిల్లీలీటర్ల చిన్న సీసాలో 20 గ్రాములు దాటుతుంది. టీ చెంచాతో కొలిస్తే నాలుగు అయిదు చెంచాలు. రోజు తిండి నుంచి వచ్చే మొత్తం శక్తిలో విడి చక్కెరల (పైనుంచి కలిపే తీపి, పండ్లరసంలోని తీపి) వాటా 10 శాతం లోపు ఉండాలని, 5 శాతం లోపు ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. అయిదేళ్ల బిడ్డకు రోజుకు దాదాపు 1,360 కిలోకేలరీలు కావాలనుకుంటే, 5 శాతం అంటే 17 గ్రాములు. పెండ్లికి పోయినప్పుడు చేతిలో పెట్టే ఒక్క చిన్న సీసాతో ఆ హద్దు దాటిపోతుంది. ఈ లెక్కను పిల్లలకు చెప్పి లాభం లేదు, వాళ్లకు గ్రాములు తెలియవు. తల్లుల సమావేశంలో ఒక ఖాళీ గ్లాసు పెట్టి, అందులో చెంచాతో చక్కెర వేసి చూపిస్తే మాత్రం నానమ్మలకు కూడా అర్థమవుతుంది. నాలుగో చెంచా పడేసరికి ఎవరో ఒకరు "అబ్బో, గింతనా!" అనకుండా ఉండరు. బెల్లం, తేనె కూడా విడి చక్కెరల లెక్కలోకే వస్తాయి. మేడారం జాతరలో బంగారమని పిలుచుకునే బెల్లం మీద మనకు గౌరవం ఎక్కువ. అయినా మూడు గడ్డలు కలిపిన రాగిజావ కంటే ఒక గడ్డ కలిపిన రాగిజావే బిడ్డకు మంచిది. ఏడాది లోపు పిల్లలకు తేనె అసలే నాకించొద్దు.

'ఆరోగ్య పానీయం' అనే పేరు ఇంకో మాయ. పాలల్లో కలిపే చాక్లెట్ రంగు పొడులను ఎదుగుదల కోసమని అప్పు చేసి మరీ కొంటున్నారు. ఆహార భద్రత చట్టంలో 'హెల్త్ డ్రింక్' అనే వర్గమే లేదని తేలాక, 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అమ్మకం సైట్లకు అలాంటి పానీయాలను ఆ వర్గం నుంచి తీసేయమని చెప్పింది. అదే ఏడాది జూన్‌లో నీళ్లు కలిపి తిరిగి తయారు చేసిన పండ్లరసాల మీద '100 శాతం పండ్లరసం' అని రాయొద్దని ఆహార భద్రత సంస్థ ఆదేశించింది. విరేచనాల్లో పోయిన నీళ్లనూ లవణాలనూ తిరిగి అందించే ఓఆర్ఎస్ కథ వీటన్నిటికంటే బాధ పెట్టేది. రామగుండం, మంచిర్యాల ఎండల్లో విరేచనాలైన బిడ్డకు మందుల దుకాణంలో ఓఆర్ఎస్ అడిగితే, పేరులో ఆ మూడక్షరాలు పెట్టుకున్న తీపి డబ్బా చేతిలో పెట్టేవాళ్లు. అసలు ఓఆర్ఎస్‌లో లీటరు నీళ్లకు 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల ఉప్పు, ఇంకా రెండు లవణాలు కొలతగా ఉంటాయి. చక్కెర ఎక్కువై, ఉప్పు తక్కువైతే విరేచనాలు ముదురుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీనిమీద కొట్లాడారు. 2025 అక్టోబర్‌లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రానికి సరిపోని ఏ పానీయం పేరులోనూ ఓఆర్ఎస్ అనే మాట ఉండొద్దని ఆహార భద్రత సంస్థ ఆదేశం ఇచ్చింది. తల్లులకు నేర్పాల్సినది ఇప్పటికీ ఒకటే: పొడి ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని చూసి కొనాలి, ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి.

చట్టం బడి గేటు దగ్గర కూడా ఉంది. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తినుబండారాలను బడి ఆవరణలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపూ అమ్మకూడదని 2020 నాటి నిబంధనలు చెప్తున్నాయి. ఊళ్లో 50 మీటర్లంటే నాలుగు ఇండ్లు. దుకాణమతను కూడా ఊరివాడే, బతకాల్సినవాడే. నిబంధన అమలు కావాల్సిందే, కానీ అయిదో ఇంటి దగ్గర అదే తోరణం వేలాడుతుంటుంది.

ఆ తోరణం కింద నిలబడి కొనిచ్చేది ఎక్కువగా తాత, నానమ్మ. కొడుకూ కోడలూ కూలికో, హైదరాబాద్‌కో, గల్ఫ్‌కో పోతే పిల్లల బాధ్యత వాళ్లదే. "ఏడ్వకు బిడ్డా, ఇగో పది రూపాయలు" అనడంలో ప్రేమ తప్ప ఇంకేమీ లేదు. ఆ ప్రేమను తప్పుపడితే పాఠం అక్కడే ఆగిపోతుంది. పది రూపాయలకు దొరికే వేరే వస్తువు చూపించాలి: రెండు అరటిపండ్లు, వర్షాకాలంలో కాల్చిన మక్కకంకి, కార్తీకం ముందూ వెనకా సీతాఫలం. కొనియ్యడంలో ఉన్న సంతోషం తాతకు మిగలాలి. అసలే వద్దని దాచిపెడితే పిల్లలకు దాని మీదే ధ్యాస పెరుగుతుందని కూడా అధ్యయనాలు చెప్తున్నాయి. కాబట్టి ప్యాకెట్‌ను దయ్యంలా చూపించడం కంటే, అది ఇంట్లో రోజూ ఉండే వస్తువు కాకుండా చూసుకోవడం మేలు.

అన్నిటికంటే కష్టమైన సంగతి డబ్బు. కొత్త తిండిని పదిసార్లు పెట్టమని చెప్పడం తేలిక. పదిసార్లు పెడితే తొమ్మిదిసార్లు పళ్లెంలోనే మిగిలిపోవచ్చు. కూలికి పోయి వచ్చి వండిన తల్లికి ఆ వదిలేసిన కూర కండ్లముందు పారేసిన డబ్బు. రేపు బిడ్డ తప్పకుండా తినేదే వండుతుంది. తెల్లన్నం, ఆలుగడ్డ వేపుడు, లేకపోతే ప్యాకెట్. ఆమెకు అవగాహన లేదనడం తప్పు. వృథా చేసుకునే స్తోమత లేదు, అంతే.

ఆ పదిసార్ల ఖర్చు భరించగలిగింది అంగన్‌వాడీ. తెలంగాణలో 35,700 కేంద్రాలున్నాయి. అక్కడ పప్పు, గుడ్డు, ఆకుకూర ప్రభుత్వ ఖర్చుతో వస్తాయి. పైగా పక్కన తినే పిల్లలుంటారు. పెద్దలు చెప్తే వినని బిడ్డ, పక్కనున్న ఇంకో నాలుగేళ్ల బిడ్డ నమలడం చూసి నోరు తెరుస్తుంది. మూడేళ్ల లోపు పిల్లల కోసం ఇంటికి ఇచ్చే బాలామృతంలో గోధుమ, శెనగపప్పు, పాలపొడితో పాటు చక్కెర కూడా ఉంటుంది. ఆ తీపికి అలవాటైన నాలుక మూడేళ్లు దాటి కేంద్రానికి వచ్చేసరికి పుంటికూర పులుపును ఎదుర్కొంటుంది. ఆ మలుపును టీచర్ గుర్తించి నెమ్మదిగా దాటించాలి. 2023 మేలో మొదలైన 'పోషణ్ భీ పఢాయీ భీ' (పోషణా, చదువూ) అనే కేంద్ర కార్యక్రమం కింద టీచర్లకు శిక్షణ ఇస్తున్నారు. బరువులు తూచడం, ఫోన్‌లో వివరాలు ఎక్కించడం, ఫొటోలు పంపడం మధ్య టీచర్ పిల్లలతో పాటు కింద కూర్చుని తినే అరగంట మిగిలితేనే ఆ శిక్షణకు అర్థం ఉంటుంది.

ఆ అరగంటలో చేయాల్సింది చాలా చిన్నది. సోమవారం పుంటికూర పప్పు వండిన రోజు, వద్దన్న బిడ్డ పళ్లెం అంచున అర చెంచా పెట్టాలి. తినమని అనొద్దు. టీచర్ తన పళ్లెంలో అదే పప్పు కలుపుకొని "పుల్లపుల్లగ ఉన్నది" అంటూ తినాలి. బిడ్డ ముట్టుకోకపోతే తీసేయాలి. గురువారం మళ్లీ అర చెంచా. వేలితో ముట్టుకుంటుంది. వచ్చే సోమవారం వాసన చూస్తుంది, ఆ తర్వాత నాలుక చివర తాకిస్తుంది, మొహం చిట్లిస్తుంది. హాజరు పుస్తకంలో ఆ బిడ్డ పేరు పక్కన పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టుకోవాలి, ఇప్పటికి ఎన్నిసార్లయిందో మరిచిపోకుండా.